దూరం నుంచి వచ్చే పాఠం, పక్కన కూర్చునే మనిషి

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. వల్లూరు చుట్టుపక్కల మన వాడల్లో 'ఆన్‌లైన్ క్లాసు' అనే మాట అప్పుడే మొదటిసారి గట్టిగా వినిపించింది. ఇంట్లో ఒక్క ఫోను, చదివే పిల్లలు ముగ్గురు. ఆ ఫోను కూడా పొద్దున్నే నాయన జేబులో బేల్దారి పనికి పోయేది. సాయంత్రం తిరిగొచ్చేసరికి క్లాసూ అయిపోయేది, ఛార్జింగూ అయిపోయేది. దూరదర్శన్ సప్తగిరిలో, ఆకాశవాణిలో పాఠాలు వచ్చాయి. విన్నవాళ్లు విన్నారు. మళ్లీ బడి గంట మోగేనాటికి కొందరు ఆడపిల్లలకు పెళ్లిళ్లు కుదిరాయి, కొందరు మగపిల్లలు కూలి పనులకు అలవాటు పడ్డారు. వాళ్లు మళ్లీ బడి గడప తొక్కలేదు.

ఆ రోజుల్లోనే మేము ఇంకొకటి కూడా చూశాం. డిగ్రీ చదువుతూ ఇంటికొచ్చిన ఒక అక్క సాయంత్రం వేపచెట్టు కింద ఎనిమిది మంది పిల్లల్ని కూర్చోబెట్టేది. మధ్యలో తన ఫోను పెట్టి, పాఠం కాసేపు వినిపించి, ఆపి, దాన్నే మన ఇంటి భాషలో మళ్లీ చెప్పేది. ఆ ఎనిమిది మందీ బడి తెరవగానే వెళ్లారు.

ఫోను పాఠం, పక్కన మనిషి అనే ఈ కలయిక 2020లో పుట్టింది కాదు. దాని వెనక దాదాపు యాభై ఏళ్ల చరిత్ర ఉంది. మన యువత ఆ చరిత్ర తెలుసుకోవాలనే ఈ నాలుగు మాటలు.

ముందుగా మనం ఎక్కడి నుంచి బయలుదేరామో గుర్తు చేసుకుందాం. వల్లూరు 13వ శతాబ్దంలో కాయస్థ రాజుల రాజధాని. పక్కనే పెన్న ఒడ్డున పుష్పగిరి ఉంది. ఆ శాసనాల్లో రాజుల పేర్లున్నాయి, దాతల పేర్లున్నాయి. మన తాతల పేర్లు కాగితం ఎక్కింది చాలా ఆలస్యంగా, అదీ అవమానంతో. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. కడప అప్పుడు ఆ రాజధానిలోనే ఉంది. ఎరుకల వంటి కులాల కుటుంబాల పేర్లు బడి రిజిస్టరు కంటే ముందు పోలీసు రిజిస్టరులోకి ఎక్కాయి. ఆ చట్టం రద్దయింది 1952లో. అంటే మనలో చాలామందికి బడి అనేది రెండు మూడు తరాల నాటి మాట మాత్రమే. ఇంట్లో హోంవర్కు చూసిపెట్టే తాత లేడు. అందుకే దూరం నుంచి వచ్చే పాఠం మనకు ఎంత అవసరమో, పక్కన కూర్చునే మనిషి అంతకంటే ఎక్కువ అవసరం.

దూరం నుంచి పాఠం చెప్పే పెద్ద ప్రయత్నం మన దేశంలో 1975 ఆగస్టు 1న మొదలైంది. అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఏడాది పాటు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పల్లెలో టీవీ అనేదే వింతగా ఉన్న కాలం అది. అయితే టీవీ ఆగిపోయాక పిల్లలు అడిగే ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది బడిపంతులే. ఆ సంగతి నిర్వాహకులకు తెలుసు. అందుకే వేలాది టీచర్లకు కూడా టీవీ, రేడియో, అచ్చు పాఠాలతో పాటు స్థానిక మార్గదర్శకులను పెట్టి శిక్షణ ఇచ్చారు.

తర్వాతి అడుగు మన రాష్ట్రానిదే. 1969లో బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది. 1982 ఆగస్టులో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారు. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. బడి మధ్యలో మానేసినవారు కూడా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. పాఠం పుస్తకంగా చేతికి వచ్చేది, రేడియోలో వినిపించేది. సెలవు రోజున దగ్గరి కాలేజీలోని స్టడీ సెంటర్లో లెక్చరరు ఎదురుగా కూర్చుని సందేహాలు తీర్చేవారు. వారమంతా కూలికో కొలువుకో పోయేవారికి ఆ ఒక్క రోజు తరగతి ఎంత పెద్ద ఆసరాయో చెప్పనక్కర్లేదు.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ నింగికెగిరింది. చదువు కోసమే పంపిన మన మొదటి ఉపగ్రహం అది. కొన్నిచోట్ల విద్యార్థి తిరిగి ప్రశ్న అడిగే వీలుండేది, మరికొన్నిచోట్ల చూడటం వరకే. ఈ కథలో మనం మరువకూడని మాట ఒకటుంది. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవి యానాదుల ఇల్లు. అడవిలో తేనె, దుంపలు, మూలికలు, నీళ్లలో చేపలు వాళ్ల బతుకు. వాళ్ల నేల మీద నుంచి పాఠం ఆకాశానికి ఎక్కింది. అది తిరిగి యానాది బిడ్డ చెవిన పడేలా చూడటం మన బాధ్యత కాదా?

మన జిల్లాలోనే మరో ఉదాహరణ ఉంది. 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట్లో దానికున్న మూడు ప్రాంగణాల్లో ఒకటి వేంపల్లి మండలం ఇడుపులపాయలో ఉంది, అప్పటి మిగతా రెండూ నూజివీడు, బాసర. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు దానికి ఛాన్సలర్‌గా పనిచేశారు. పల్లెటూరి పిల్లలు పదో తరగతి కాగానే చేరి, ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజినీరింగు చదువుతారు. మొదటి బ్యాచ్‌ల పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చారు. కంప్యూటర్లో పాఠం, పక్కన మెంటారు, రాత్రి హాస్టల్లో తోటి స్నేహితుడు. ఈ మూడూ కలిసిన చదువు అది.

2022 డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ముందే పాఠాలు నింపిన ట్యాబులు ఇచ్చారు. సిగ్నల్ బెడద కొంత తీరింది. కాని భాష బెడద ట్యాబు తీర్చలేదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన పిల్లలకు సొంత భాషలో చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఎనిమిది భాషల్లో బంజారా ఉంది, ఎరుకల భాష లేదు. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, ట్యాబులో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య దారి చూపేది మనిషే. పిల్లవాడి ముఖం చూసి "నీకు అర్థం కాలేదు కదా" అని కనిపెట్టగలిగేదీ మనిషే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! నేడు దారులు చాలా ఉన్నాయి. 2017లో మొదలైన స్వయం వేదికలో కోర్సులు ఉచితంగా చదవవచ్చు. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం వరకు క్రెడిట్లను ఆ కోర్సుల ద్వారా పొందే వీలుంది. మీ కాలేజీ ఒప్పుకుంటుందో లేదో అడిగి తెలుసుకోండి. అడగడానికి సిగ్గుపడకండి.

మీలో డిగ్రీ దాకా వచ్చిన ప్రతి ఒక్కరినీ మేము కోరేది ఒక్కటే. వారానికి రెండు సాయంత్రాలు, గంటసేపు, మీ వాడలో పిల్లల మధ్య కూర్చోండి. ఫోను మధ్యలో పెట్టండి. పాఠం వినిపించండి, ఆపండి, మన భాషలో చెప్పండి, వాళ్లచేత చెప్పించండి. రాని పిల్లవాడి ఇంటికి వెళ్లి ఎందుకు రాలేదో అడగండి. ఒకప్పుడు పోలీసు రిజిస్టరుకెక్కిన ఇంటి పేర్లు బడి హాజరుపట్టీలో పదో తరగతి దాకా, ఆపైన కూడా కనిపించాలి. ఆ పని మీ వాడలో, ఈ వారమే మొదలుపెట్టండి.