చెంచులక్ష్మి సినిమాలో ఆ గొంతు ఎవరిది? – గాయని జిక్కి కథ



ఆళ్లగడ్డ పక్కనే మన అహోబిలం. నరసింహస్వామి చెంచు ఇంటి అల్లుడని ఇక్కడ చిన్నపిల్లోళ్లకు కూడా తెలుసు. కనుమ రోజు పారువేట మొదలైతే దాదాపు నలభై రోజులు స్వామి ఊరూరా తిరుగుతాడు. ముందు విల్లంబులు పట్టుకుని నిలబడేది మన చెంచులే. ఈ కథనే 1958లో బి.ఎ. సుబ్బారావు గారు ‘చెంచులక్ష్మి’ సినిమాగా తీశారు. అక్కినేని, అంజలీదేవి నటించారు. అందులో అడవిలో బతకడం నీకు చేతనవుతుందా అని చెంచిత స్వామినే నిలదీసే పాట ఒకటుంది. ఇప్పటికీ పెళ్లిళ్లలో, జాతరల్లో మోగుతుంది. స్వామికి గొంతు ఘంటసాలది. చెంచితకు గొంతు జిక్కిది.

జిక్కి అసలు పేరు పి.జి. కృష్ణవేణి. వాళ్ల కుటుంబానిది తిరుపతి దగ్గర చంద్రగిరి, అంటే ఆమె కూడా సీమ బిడ్డే. 1943లో ‘పంతులమ్మ’ సినిమాతో చిన్నపిల్లగానే ఈ రంగంలోకి వచ్చింది. 1948లో తమిళ ‘జ్ఞానసౌందరి’తో మంచి పేరొచ్చింది. 1953లో రాజ్‌కపూర్ ‘ఆహ్’ను తెలుగులో ‘ప్రేమలేఖలు’గా తెచ్చినప్పుడు ఎ.ఎం. రాజాతో కలిసి పాడింది. తర్వాత ఆ రాజానే పెళ్లి చేసుకుంది. 1955లో ‘రోజులు మారాయి’లో వహీదా రెహమాన్ ఆడిన ఏరువాక పాట ఆమెదే. దాంతో పల్లెపల్లెనా జిక్కి పేరు మోగిపోయింది. 1957లో ‘సువర్ణసుందరి’లో ఘంటసాలతో పాడిన రాగమాలిక వింటే, జానపదమే కాదు, శాస్త్రీయం కూడా ఆమెకు ఎంత పట్టుబడిందో అర్థమవుతుంది.

అరవైల్లో సుశీల గారి కాలం వచ్చింది. జిక్కికి పాటలు తగ్గాయి. భార్యాభర్తలు కచేరీలు చేసుకున్నారు. 1989లో రాజా రైలు ప్రమాదంలో పోయారు. అయినా ఆమె పాడడం ఆపలేదు. 1991లో ‘సీతారామయ్యగారి మనవరాలు’లో, 2001లో ‘మురారి’ పెళ్లి పాటలో ఆ గొంతు మళ్లీ వినపడింది. 2004 ఆగస్టులో చెన్నైలో కన్నుమూసింది.

ఇదంతా మన గ్రూపులో ఎందుకు రాస్తున్నానంటే, ఆ చెంచిత పాట రాసింది ఆరుద్ర, బాణీ సాలూరి రాజేశ్వరరావుది, వేషం అంజలీదేవిది, గొంతు జిక్కిది. నలుగురూ గొప్పోళ్లే, వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ కథ మనది, అడవి మనది. తెలుగోళ్లందరి చెవిలో పడిన చెంచు ఆడబిడ్డ గొంతు మాత్రం మద్రాసు స్టూడియోలో పుట్టింది.

జిక్కి పాట అరవై ఏళ్లు దాటినా నిలబడిందంటే గొంతు ఒక్కటే కారణం కాదు. అది రికార్డు మీదికి ఎక్కింది, రేడియోలో వచ్చింది, కింద పేరు పడింది. మన అవ్వలు తేనెకు పోతా పాడేవి, పెళ్లిలో పాడేవి, బిడ్డను నిద్రపుచ్చేవి అట్లా ఎక్కలేదు. అవ్వ పోతే పాట కూడా ఆమెతోనే పోతాంది.

అప్పుడు రికార్డు చేయాలంటే మద్రాసు పోవాల. ఇప్పుడు ప్రతి ఒక్కరి జేబులో ఫోనుంది. ఈ సెలవులకు గూడెం పోయినప్పుడు అవ్వ పక్కన కూర్చోండి, అడిగి ఒక్క పాటైనా పట్టండి. పాడిన ఆమె పేరు, గూడెం పేరు, తేదీ తప్పకుండా రాసిపెట్టండి. పేరు లేకపోతే రేపు అది ఎవరిదో అయిపోతుంది.