పురమందిరం, గడియార స్తంభం: హైదరాబాద్ టౌన్‌హాల్ చరిత్రలో పౌరసభ స్థానం

1. ఉపోద్ఘాతం

మధ్యయుగపు ఇటలీ నగరాల్లో పురమందిరం, దాని గోపురం సాధారణంగా ఒకే కట్టడంలోని రెండు భాగాలు. సియెనా నగరంలోని పలాజ్జో పుబ్లికో నిర్మాణం 1297లో మొదలైంది. దానికి చేరువుగా తోర్రె దెల్ మాంజా గోపురాన్ని 1338-1348 మధ్య కట్టారు. 1287 నుంచి 1355 వరకు నగరాన్ని ఏలిన 'తొమ్మిదిమంది' మండలి కూర్చున్న గదిలోనే ఆంబ్రోజియో లోరెంజెట్టి సుపరిపాలన, దుష్పరిపాలనల ఫలితాలను కుడ్యచిత్రాలుగా వేశాడు. ఆ మండలిలో సంపన్న వర్తకులదే ఆధిపత్యం. అందులో సామాన్యులకు చోటు లేదు. అయినా పాలకులు తమ పాలనను సరిచూసుకోవలసిన కొలమానం వారి కళ్ళెదుటే ఉండేది. సభ, గోపురం ఇలా ఒకచోట కూడిన స్థితి దక్కనులో ఎప్పుడు, ఏ రూపంలో ఏర్పడిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చెరువు, మీనారు, గడియారం

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నానికి గుర్తింపు తెచ్చినది గోపురం కాదు, చెరువు. ఊరి పేరు, పెద్దచెరువు రెండూ ఇబ్రహీం కుతుబ్‌షా (1550-1580) కాలాన్ని గుర్తుచేస్తాయి. తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించిన ఈ ప్రభువుకే అద్దంకి గంగాధరకవి 'తపతీసంవరణోపాఖ్యానా'న్ని అంకితమిచ్చాడు. ఇక్కడ పాలకుని కీర్తి కట్టమీద నిలిచింది, ఊరివారి బతుకు ఆయకట్టులో సాగింది. ఊరంతటికీ చెందిన నిర్మాణమంటే ఈ నేలలో మొదట చెరువే.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్ నగరానికి కేంద్రబిందువైంది గాని, పౌరుల సభాస్థలి కాలేదు. దాని నాలుగు వైపులా గడియారాలు అమర్చినది 1889లో. ప్రధానమంత్రి అస్మాన్ జా 1892లో మహబూబ్ చౌక్ గడియార స్తంభాన్ని కట్టించాడు. కంటోన్మెంటు ప్రాంతమైన సికింద్రాబాదులో గడియార స్తంభం 1897లో ప్రారంభమైంది. ఈ గడియారాలు నగరానికంతటికీ ఒకే కాలాన్ని చూపాయి. కాని ఆ కాలాన్ని నిర్ణయించినవారు అధికారులు, ప్రభువర్గీయులు. వాటి కింద పౌరులు కూడి చర్చించే సభ లేదు.

3. చందాలతో లేచిన పురమందిరం

హైదరాబాద్ టౌన్‌హాల్ చరిత్ర దీనికి భిన్నమైనది. 1866లో జన్మించిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌కు 1905లో హిజ్రీ లెక్కన నలభై ఏండ్లు నిండాయి. ఆ సందర్భానికి గుర్తుగా పౌరుల చందాలతో పబ్లిక్ గార్డెన్స్ ఆవరణలో పురమందిరానికి శంకుస్థాపన జరిగింది. 1911లో ఆయన మరణించాడు. భవనం 1913లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో పూర్తయింది.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనార్హం. ధనం పౌరులది, సందర్భం ప్రభువుది. నగర పాలకసంస్థకు ఎన్నికలు జరిగినది 1934లో. అంటే పురమందిరం లేచిన ఇరవై ఒక్క ఏండ్లకు గాని పురజనుల ఓటుకు స్థానం దక్కలేదు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1890లో స్వంత ధనంతో కట్టించిన పురమందిరంతో పోల్చినప్పుడు ఈ తేడా స్పష్టమవుతుంది. అక్కడ సంఘసంస్కర్త సభకోసం మందిరాన్ని కట్టాడు. ఇక్కడ ఉత్సవస్మృతిగా వెలసిన మందిరం సభకోసం వేచి ఉంది.

4. భాషకు దక్కని వేదిక

టౌన్‌హాల్ పూర్తయిన ఎనిమిదేండ్లకు, 1921 నవంబరులో, హైదరాబాదులోని వివేకవర్ధనీ థియేటరులో కర్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు అందులో తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానమే ఆంధ్రజనసంఘం పుట్టుకకు ప్రేరణ అయింది. నగరంలో పురమందిరం ఉన్నంత మాత్రాన నగరవాసుల భాషలన్నింటికీ వేదిక దొరకదని ఈ ఘటన తెలుపుతుంది.

జనసంఘం ఆంధ్రమహాసభగా ఎదిగి 1930లో జోగిపేటలో తొలి మహాసభ జరుపుకొంది. 1936 నాటి షాద్‌నగర్ మహాసభకు అధ్యక్షత వహించిన కొండా వెంకటరంగారెడ్డి అనంతరకాలంలో రాష్ట్రమంత్రిగా పనిచేశాడు. 1978లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించాక టౌన్‌హాల్ శాసనసభా భవనమయింది. ఒకనాడు సభలో గేలికి గురైన భాష ఈ భవనంలో చట్టసభ భాషగా వినిపించింది. నిజాం జన్మదినానికి గుర్తుగా లేచిన కట్టడంలో ప్రజలెన్నుకున్న ప్రతినిధులు కూర్చున్నారు.

5. ముగింపు

సియెనాలో సభ, గోపురం ఒకే సంస్థకు చెంది వెలశాయి. దక్కనులో చెరువు, మీనారు, గడియారం, మందిరం వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అధికారాల ఆశ్రయంలో వెలశాయి. వాటిలో పురమందిరం ఒక్కటే పౌరుల ధనంతో మొదలై పౌరుల ఓటుతో సార్థకమైంది. కనుక హైదరాబాద్ టౌన్‌హాల్‌ను గుమ్మటాలు, కమానుల అందానికి పరిమితం చేసి వర్ణించడం అసమగ్రం. 1913 నుంచి 1956 వరకు సాగిన ఎదురుచూపును కూడా కలిపి చదివినప్పుడే ఆ భవనం చరిత్ర పూర్తవుతుంది. మందిరాన్ని చందాలతో కట్టవచ్చు. సభను మాత్రం పోరాడి సాధించుకోవలసి వచ్చింది.