సోదరసంఘముల ప్రథమధర్మము

చదువు నిమిత్తము ఇల్లు విడిచిన బాలునకు మొదట కావలసినది తోడు. అందుకే మన పెద్దలు కులసంఘములు స్థాపించి విద్యార్థి వసతిగృహములు కట్టించిరి. అమెరికాదేశమున ఈ యక్కఱయే కళాశాలలందు సోదరసంఘములను, సోదరీసంఘములను వర్ధిల్లఁజేసెను. వాని చరిత్రము మనకు నుపయుక్తమని తలంచి సంగ్రహముగా విన్నవించుచున్నారము.

1776 డిసెంబరు 5వ తేదీని వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కళాశాల విద్యార్థులు ఫై బీటా కప్పా యను రహస్యసంఘమును నెలకొల్పిరి. గ్రీకు అక్షరములతోఁ బేరు పెట్టుకొను నాచారమునకు ఇదియే మూలము. తరువాతి శతాబ్దమున ఇట్టి సంఘములు దేశమెల్ల వ్యాపించెను. స్నేహములు కుదిరెను, వసతులు సమకూడెను, తలుపులును మూయఁబడెను. పెక్కుసంఘములు నల్లజాతివారిని, యూదులను చేర్చుకొనవయ్యెను.

వెలుపల నిలిచినవారు తామే సంఘములు కట్టుకొనిరి. 1906లో కార్నెల్ విశ్వవిద్యాలయమున ఏడుగురు నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫాను స్థాపించిరి. 1908లో వాషింగ్టను నగరమందలి హోవర్డు విశ్వవిద్యాలయమున ఆల్ఫా కప్పా ఆల్ఫా యను సోదరీసంఘము వెలసెను. 1913 జనవరిలో అచటనే 22 మంది యువతులు డెల్టా సిగ్మా థీటాను స్థాపించి, మార్చి 3న స్త్రీల వోటుహక్కునకై జరిగిన యూరేగింపున నడచిరి.

అన్నిటికంటెఁ గొనియాడఁదగినది మిసిసిపీ రాష్ట్రమునఁ జేసిన సేవ. 1935 మొదలు 1942 వఱకు ఆల్ఫా కప్పా ఆల్ఫా సభ్యురాండ్రు వేసవులందు అచటికేఁగి బీదలకు వైద్యము చేయించిరి. డాక్టరు డొరొతీ బౌల్డింగ్ ఫెరిబీ వారికి నాయకురాలు. తోటల యజమానులు కూలీలను వైద్యశాలలకుఁ బోనీయకపోఁగా, వీరు తమ కార్లలో మందులు పెట్టుకొని ప్రత్తిచేలకే పోయిరి. పిల్లలకు మశూచి, డిఫ్తీరియాల టీకాలు వేసిరి.

ఈ చరిత్రమునకుఁ గళంకమును గలదు. క్రొత్తవారిని పరీక్షించు నెపమున బాధించు దురాచారము తొలినుండియు నున్నది. 1873లో కార్నెల్‌లో, సంఘమునఁ జేర్చుకొను తంతు నడుచుచుండఁగా, ఒక విద్యార్థి రాత్రివేళ లోయలోఁ బడి మరణించెను. తరువాతను ప్రాణములు పోవుచునే యుండెను. ఇట్టి చేష్టలను కళాశాలలు ఏటేట వెల్లడింపవలెనని 2024 డిసెంబరులో అచట చట్టమైనది. ఈ దోషము ఏ యొక్క జాతి సంఘములకో చెందినది గాదు.

కావున సంఘమునకుఁ బ్రథమధర్మము క్రొత్తగా వచ్చినవానిని గాపాడుట. రెండవది వాని చదువు సాగించుట. మూడవది గడప వెలుపలివారికి సేవ చేయుట. మన వసతిగృహమున నన్నము దిని పట్టభద్రుఁడైనవాఁడు మన కులమువాఁడు గాని బీదబాలునకు ఏమి చేసెను? ఈ ప్రశ్నను మహాసభవారు విచారింపవలెనని ప్రార్థించుచున్నారము.