కవచ్: రైలుకూ రైలుకూ మధ్య రేడియో సమాచారం

కవచ్ అనేది రైళ్లు ఢీకొనకుండా భారతీయ రైల్వేలు రూపొందించుకున్న రక్షణ వ్యవస్థ. పరుగులో ఉన్న రైలు తన స్థానాన్నీ వేగాన్నీ రేడియో ద్వారా స్టేషన్లకు, సమీపంలోని ఇతర రైళ్లకు తెలపడం దీనికి ఆధారం.

తొలి ప్రయత్నం

1999 ఆగస్టులో పశ్చిమ బెంగాల్‌లోని గైసాల్ వద్ద రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఆ తర్వాత కొంకణ్ రైల్వేలో బి. రాజారాం చొరవతో యాంటీ కొలిజన్ డివైస్ వచ్చింది. ఇంజన్లలోని ఈ పరికరాలు జీపీఎస్ సాయంతో స్థానం తెలుసుకొని, ఒకదానికొకటి రేడియోలో సమాచారం పంపుకునేవి. హైదరాబాద్‌కు చెందిన కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్ వీటిని తయారుచేసింది. అయితే జంట లైన్లలో రైలు ఏ పట్టాల మీద ఉందో ఉపగ్రహ సంకేతాలతో కచ్చితంగా తేల్చడం కష్టమైంది.

కవచ్ రాక

ఆ లోటును పట్టాల మధ్య అమర్చే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు తీర్చాయి. ఇంజను వాటిని చదివి తన చోటు తెలుసుకుంటుంది. స్టేషన్ యూనిట్ సిగ్నల్ స్థితిని, ఎంత దూరం వెళ్లవచ్చో తిరిగి పంపుతుంది. లోకో పైలట్ బ్రేకు వేయకపోతే యంత్రమే వేస్తుంది. ప్రమాద సమయంలో ఎస్‌ఓఎస్ సందేశం చుట్టుపక్కల రైళ్లకు చేరుతుంది.

ప్రయాణికుల రైళ్లపై పరీక్షలు 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేలో మొదలయ్యాయి. 2020 జులైలో కవచ్‌ను జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న వికారాబాద్ ప్రాంతంలోని గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య జరిగిన ప్రదర్శనలో, రైల్వే మంత్రి ఉన్న ఇంజను ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. మెరుగుపరచిన 4.0 రూపానికి 2024 జులైలో ఆమోదం లభించింది.

విజయనగరం దుర్ఘటన

2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ మధ్య విశాఖ–పలాస ప్యాసింజరును వెనక నుంచి విశాఖ–రాయగడ ప్యాసింజరు ఢీకొంది. 14 మంది చనిపోయారు. పనిచేయని ఆటోమేటిక్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, ఆపై గంటకు 10 కిలోమీటర్ల వేగంతో సాగాలన్నది నియమం. రాయగడ రైలు ఆ నియమం పాటించలేదని ప్రాథమిక విచారణలో తేలింది. ఆ మార్గంలో అప్పటికి కవచ్ లేదు.

ప్రాముఖ్యం

రెండు రైళ్లూ ఒకే వైపు, ఒకే లైనుపై వెళ్తున్నప్పుడు ముందున్న బండి ఆచూకీ వెనక బండికి అందడమే ప్రాణరక్షణ. ఆ సమాచారం అందాలంటే పట్టాలపై ట్యాగులు, స్టేషన్లలో రేడియోలు, ఇంజన్లలో పరికరాలు మూడూ ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా గొలుసు తెగుతుంది. బొబ్బిలి, పార్వతీపురం, ఆమదాలవలస, పలాస వైపు రోజూ ప్యాసింజరు బండ్లనే నమ్ముకున్న జనానికి ఈ రక్షణ ఎంత త్వరగా అందితే అంత మేలు.