తెల్ల పాదుక పూవు - ఒక తోటమాలి పేరు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయమని సంపాదకులు కోరారు. రాజుల గురించి, కోటల గురించి రాయగల పెద్దలు మన సంఘంలో చాలామందే ఉన్నారు. అందుచేత నేను ఒక పూవు చరిత్ర రాయదలచాను. ఆ పూవుకీ నాకూ ఒక పాత బాకీ ఉంది. ముందు అది చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను.

1994 డిసెంబరులో ఎల్.టి.సి. మీద కుటుంబ సమేతంగా షిల్లాంగ్ వెళ్ళాం. అక్కడ రోడ్డు పక్కన ఒకతను నాచులో చుట్టిన మొక్కలు అమ్ముతున్నాడు. ఒక్కొక్క మొక్కకి ఒక్కొక్క పూవు. పసుపు, గోధుమ కలిసిన రంగు. ముందు రేక అచ్చం చెప్పు ముందుభాగంలా సంచిలాగా ఉంది. "భరతుడి పాదుకలా ఉందండీ" అన్నది మా ఆవిడ. బేరమాడి కొన్నాం. ఇంటికి తెచ్చి కుండీలో పెట్టి రెండు పూటలా నీళ్ళు పోశాను. మార్చి దాటకుండానే ఆకుల మొదళ్ళు కుళ్ళి మొక్క చచ్చిపోయింది.

రిటైరయ్యాక గ్రంథాలయంలో కూర్చుని చదివితే తెలిసింది, ఆ జాతి మొక్కలను అడవి నుంచి పీకడం గాని, అనుమతి లేకుండా అమ్మడం గాని వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణ ప్రకారం నేరమని. చట్టం తెలియదనడం సాకు కాదని నా సర్వీసులో ఎన్ని మెమోలు టైపు చేశానో లెక్కలేదు. అటువంటి నేను కూడా మూడేళ్ళ పాత చట్టం తెలియక ఆ బేరంలో చేరాను. అప్పటినుంచి ఈ పూవు గురించి దొరికిన ప్రతిదీ చదువుతూ వచ్చాను.

దీని శాస్త్రీయ నామం పాఫియోపెడిలం. పాఫోస్ అనేది గ్రీకుల ప్రేమదేవత గుడి ఉన్న ఊరు, పెడిలాన్ అంటే పాదరక్ష. ఆ దేవత పాదుక అన్నమాట. ఇంగ్లీషువారు స్లిప్పర్ ఆర్కిడ్ అంటారు. నేను షిల్లాంగ్‌లో కొన్నది ఇన్‌సిగ్నే అనే జాతి. కలకత్తా బొటానికల్ గార్డెన్ అధిపతి వాలిచ్ హయాంలో ఖాసీ కొండల ప్రాంతం నుంచి ఇది ఇంగ్లండుకు చేరి, 1820లో లివర్‌పూల్ తోటలో పూసింది. పూవు వారాల తరబడి వాడదు, మొక్క గట్టిది, చలికాలంలో పూస్తుంది. ఇంకేముంది, సంపన్నుల గాజు ఇళ్ళన్నీ దీనితో నిండాయి. 1878లో అస్సాం జాతి మరొకటి ఇంగ్లండులో బయటపడింది. దాని పేరు స్పైసెరియానం. పైరేక తెల్లగా గొడుగులా ఉండి, మధ్యలో ఊదా గీత ఉంటుంది.

రెండు ఆర్కిడ్లను కలిపి సంకరం చేయవచ్చునని ఇంగ్లండులో సూచించినవాడు తోటమాలి కాదు, ఎక్సెటర్ పట్టణపు వైద్యుడు జాన్ హ్యారిస్. ఆ మాట పట్టుకుని చేసి చూపినవాడు వీచ్ కంపెనీలో పనిచేసిన జాన్ డొమినీ. అతని మొదటి సంకర ఆర్కిడ్ 1856లో పూసింది. పాదుక పూలలో మొదటి సంకరం 1869లో పూసింది. దానికి ఆ వైద్యుడి పేరే పెట్టి హ్యారిసియానం అన్నారు. సలహా ఇచ్చినవారిని ఫైలులో నమోదు చేయడమనే సంప్రదాయం అక్కడ ఉండేదని సంతోషించాను.

తర్వాత అందరి ఆశా ఒక్కటే: పెద్దది, గుండ్రనిది, పూర్తిగా తెల్లనిది కావాలి. ప్రకృతిలో తెల్ల పాదుక పూవు లేకపోలేదు. మలయా పడమటి తీరాన లంకావి దీవుల్లో సముద్రపు ఒడ్డు సున్నపురాళ్ళ మీద నివియం అనే జాతి పెరుగుతుంది. తెల్లగా మంచులా ఉంటుంది గాని పూవు చిన్నది. బర్మా, సయాం వైపు బెల్లాట్యులం ఉన్నది. పూవు నిండుగా గుండ్రంగా ఉంటుంది, కాని ఒళ్ళంతా మచ్చలు, కాడ పొట్టి, పూవు నేలను ఆనుకుని కూర్చుంటుంది. ఈ రెండింటినీ కలిపితే సైకీ అనే సంకరం వచ్చింది. మరోవైపు మన ఖాసీ ఇన్‌సిగ్నేనూ, అస్సాం స్పైసెరియానంనూ కలిపితే 1884లో లీయానం వచ్చింది. అంటే ఒక కుటుంబంలో తెలుపు ఉంది, రెండో కుటుంబంలో ఒడ్డూ పొడుగూ ఉన్నాయి. ఇక వియ్యం కలపడమే తరువాయి.

కష్టమంతా ఆ వియ్యంలోనే వచ్చింది. నివియం, బెల్లాట్యులం, ఇన్‌సిగ్నే జాతుల కణాల్లో క్రోమోజోములు 26. స్పైసెరియానంలో 30. లీయానం బిడ్డకు తల్లి నుంచి 13, తండ్రి నుంచి 15 వస్తాయి. రెండు లెడ్జర్లు తెచ్చి పక్కపక్కన పెట్టి టాలీ చేయబోతే ఎంట్రీలు కలవనట్లే, పిల్లమొక్క విత్తనం కట్టే వేళకి ఇవి సరిగా జతపడవు. కాయ నిండుగా కనబడుతుంది, లోపల మొలకెత్తే గింజ అరుదు. పైగా ఆర్కిడ్ గింజ పొడిలాంటిది. అందులో మొలకకు తిండి నిలవ ఉండదు. ఒక రకం బూజు సాయం లేనిదే ప్రకృతిలో మొలవదని 1899లో ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్ కనిపెట్టాడు. బూజు లేకుండానే పంచదార కలిపిన అగరు మీద గాజు సీసాలో మొలిపించవచ్చునని 1922లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాడైన నూడ్సన్ చూపాడు. అంతకుముందు తోటమాలులు తల్లిమొక్క మొదట్లోనే గింజ చల్లి దేవుడిమీద భారం వేసేవారు.

ఈ అవస్థల మధ్య 1932లో వేల్స్ దేశపు బోడ్నంట్ తోట నుంచి ఒక తెల్ల సంకరం నమోదయింది. దాని పేరు ఎఫ్.సి. పడిల్. నేను చెప్పిన నాలుగు జాతుల రక్తమూ అందులో ఉంది. తెల్లగా ఉండటమే కాక, తనవంటి పిల్లలను ఇవ్వగలగడం దాని గొప్ప. తర్వాత వచ్చిన పెద్ద తెల్ల పాదుక పూలలో అధిక భాగానికి వంశవృక్షం గీస్తే ఎక్కడో ఒకచోట దీని పేరు తగులుతుంది. ఇంగ్లండులో ర్యాట్‌క్లిఫ్ వారి ప్రసిద్ధ సంకరం, సన్నని చుక్కలున్న తెల్ల పూవు 'మిల్లర్స్ డాటర్' కూడా ఆ వంశంలోదే.

ఇంతకీ ఎఫ్.సి. పడిల్ ఎవరు? ప్రభువు కాదు, తోట యజమానీ కాదు. 1920లో ఆ తోటలో ఉద్యోగానికి చేరిన హెడ్ గార్డెనర్. జీతగాడు. ఆయన తర్వాత కొడుకు చార్లెస్, మనుమడు మార్టిన్ అదే కుర్చీలో కూర్చున్నారు. 2005 వరకు మూడు తరాలు అదే తోటను సాకాయి. మన కారుణ్య నియామకాల వంటిది కాదు, పని నేర్చి సంపాదించుకున్నది. జీతగాడి పేరు పూవుకు పెట్టి రిజిస్టరులో ఎక్కించిన సంగతి చదివినప్పుడు, నాలాంటి గుమాస్తా మనసు ఎంత నిండిందో పెన్షనరు మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. ఆ రిజిస్టరు కూడా సామాన్యమైనది కాదు. 1906లో శాండర్ కంపెనీ ప్రచురించిన జాబితాతో మొదలై, 1961 నుంచి లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నిర్వహణలో ఉంది. తల్లి, తండ్రి, నమోదు చేసినవారు, సంవత్సరం, అన్నీ కాలమ్స్‌లో ఉంటాయి. మన సర్వీసు రిజిస్టరులాగే.

పెంపకం గురించి రెండు ముక్కలు. గింజ నుంచి పూవు చూడటానికి ఐదు నుంచి ఏడేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఇతర ఆర్కిడ్లను 1960 తర్వాత కణజాలం నుంచి వేలకొద్దీ ట్రూ కాపీలు తీయడం నేర్చారు. పాదుక పూలు ఆ పద్ధతికి సరిగా లొంగవు. మంచి తెల్ల మొక్క ఒకటి వస్తే పిలకలు విడదీసుకుంటూ పోవడమే మార్గం. రాత్రి 13 నుంచి 16 డిగ్రీల చల్లదనం కావాలి. నివియం రక్తం ఉన్నందున కాస్త సున్నం గిట్టుతుంది. ఆకుల మధ్య నీరు నిలిస్తే కుళ్ళుతుంది. నా మొక్క చచ్చిన కారణం ఇరవై ఏళ్ళ తర్వాత ఈ విధంగా తెలిసింది. మన మైదానపు ఎండలకు ఇవి ఆగవు. ఆ కోరిక వదులుకోవడమే మేలు.

చివరి మాట. ఆ రిజిస్టరులో పడిల్ ఉన్నాడు, హ్యారిస్ ఉన్నాడు. కాని ఖాసీ కొండలెక్కి మొదటి మొక్కలు మోసుకొచ్చిన కూలీల పేర్లు ఏ కాలమ్‌లోనూ లేవు. వారు తెచ్చిన మొక్కలు లేనిదే ఈ తెల్ల పూవూ లేదు. దక్షిణాదిన ఉన్న ఒకే ఒక పాదుక జాతి డ్రూరియై. 1865లో అగస్త్య కొండల్లో కర్నల్ డ్రూరీ కంటబడిన ఆ మొక్క, సేకరించేవారి దెబ్బకు అంతరించే స్థితికి వచ్చింది. 1990 నుంచి అడవి మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. 2022లో మన చట్టం షెడ్యూళ్ళు మారినా రక్షణ మాత్రం పోలేదు. అయినా రోడ్డు పక్క కొనే నావంటివారు ఉన్నంతకాలం పీకేవారు ఉంటారు.

అందుచేత మిత్రులారా, పిల్లలతో ఈశాన్య రాష్ట్రాల యాత్రకు వెళ్తే పూవును కళ్ళారా చూడండి, ఫోటో తీసుకోండి. నాచులో చుట్టి ఎవరైనా ఇస్తే మాత్రం వద్దనండి. మా ఆవిడ ఇప్పటికీ "ఆ పాదుకను అడవిలోనే ఉండనివ్వాల్సింది" అంటూ ఉంటుంది. ఆ ఆడిట్ అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసమే నా సంజాయిషీగా స్వీకరించవలసిందిగా కోరుతున్నాను.