ముందుకు తోసుకొచ్చిన చెవి

1560 నవంబరులో ఫ్రాన్స్ రాజు రెండవ ఫ్రాన్సిస్ ఓర్లియాన్స్ పట్టణంలో ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోయాడు. వయసు 16. చాన్నాళ్లుగా చెవి జబ్బుతో బాధపడుతున్నవాడే. ఈసారి జ్వరం, తలపోటుతో పాటు ఎడమ చెవి వెనక వాపు కూడా వచ్చింది. ఆంబ్రాయిజ్ పారే అంతటి సర్జన్ దగ్గరే ఉన్నా చేయగలిగింది లేకపోయింది. డిసెంబరు 5న రాజు కన్నుమూశాడు. సర్జనే చెవిలో విషం పోశాడని పుకారు లేచింది. చెవిలో పట్టిన చీము మెదడు దాకా పోగలదని నమ్మడం కన్నా ఆ మాట నమ్మడమే అప్పటివాళ్లకు తేలికైంది.

అలాగని ఆ ప్రమాదం అంతకుముందు ఎవరి కంటా పడలేదనుకోకూడదు. ఆగని చెవిపోటుకు విడవని జ్వరం తోడైతే మతి తప్పవచ్చనీ, ప్రాణమే పోవచ్చనీ హిప్పోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాలు హెచ్చరించాయి. మన సుశ్రుతసంహిత 28 రకాల చెవి జబ్బులను లెక్కగట్టింది. కర్ణశూల, కర్ణస్రావం, పూతికర్ణం వాటిలోవే. అందరినీ తికమక పెట్టింది చీము నడిచే దారి. మెదడులో పుట్టిన చీమే చెవి గుండా బయటికొస్తుందని వైద్యులు చాలాకాలం అనుకున్నారు. జరిగేది దానికి తలకిందులని, ముందు చెవి, తర్వాతే మెదడు అని, 1761లో పాడువా ఆచార్యుడు మోర్గాన్యి శవపరీక్షల ఆధారంగా చెప్పాడు.

ఆ దారి ఎంత దగ్గరో తెలియాలంటే చెవి లోపలికి తొంగిచూడాలి. కర్ణభేరి వెనక చిన్న గది. అక్కడి నుంచి గొంతులోకి దిగే యూస్టేషియన్ గొట్టం చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు చేసిన ప్రతిసారీ వాళ్ల చెవికి గండమే. గది పైకప్పు పల్చటి ఎముక, దాని మీదే మెదడు. వెనకవైపు తేనెపట్టులా గాలి గూళ్లున్న మాస్టాయిడ్ ఎముక, దానికి ఆనుకుని తలలోని పెద్ద రక్తనాళం. ముఖాన్ని కదిలించే నరం కూడా ఆ గది గోడలోంచే పోతుంది. చీము ఏ గోడను తొలిస్తే ఆ ముప్పు: మెదడు పొరల వాపు, మెదడులో చీముగడ్డ, రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం, మూతి వంకర పోవడం.

చెవి వెనక ఎముకను తెరిచి చీము తీసేసిన తొలి సర్జన్లలో పారిస్‌కు చెందిన జాన్ లూయీ పెతీ ఒకడు. ఆయన పోయాక, 1774లో ఆ వివరాలు అచ్చయ్యాయి. అంతలోనే డెన్మార్క్ రాజవైద్యుడు ఫాన్ బెర్గర్ తన చెవుడు పోతుందన్న ఆశతో అదే ఆపరేషన్ చేయించుకుని 1791లో చనిపోయాడు. అవసరం లేని చోట చేసిన పనికి అవసరమైన ఆపరేషన్ బలైంది. సర్జన్లు దాదాపు మూడు తరాల పాటు ఆ జోలికే పోలేదు. ఆ మధ్యలో చీమున్న చెవులతో ఎందరు పిల్లలు పోయారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

డబ్లిన్ వైద్యుడు విలియం వైల్డ్ 1853లో ప్రచురించిన చెవి వైద్యగ్రంథంలో వాపు మీద ఎముక దాకా గాటు పెట్టి చీము వదలాలని రాశాడు. ఆ గాటుకు ఇప్పటికీ ఆయన పేరే. ఆయన కొడుకు, రచయిత ఆస్కార్ వైల్డ్, 1900లో పారిస్‌లో మెదడు పొరల వాపుతో చనిపోయాడు. దానికి మూలం పాత చెవి జబ్బేనని పరిశీలించిన వైద్యులు చాలామంది భావించారు. 1873లో హాలె నగరంలో హెర్మన్ ష్వార్ట్జ్ ఎముకను ఉలితో ఎక్కడ, ఎప్పుడు, ఎంతవరకు తెరవాలో పద్ధతిగా చెప్పాకే ఆ ఆపరేషన్ మళ్లీ నిలదొక్కుకుంది.

గ్లాస్గోలో విలియం మెకీవెన్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1893లో అచ్చయిన ఆయన పుస్తకం ప్రకారం మెదడు చీముగడ్డకు ఆపరేషన్ అయిన 19 మందిలో 18 మంది బతికారు. స్కానింగ్ లేని రోజుల్లో, రోగి లక్షణాలే ఆధారంగా గడ్డ ఉన్న చోటు పసిగట్టి సాధించిన ఫలితమది. చెవి రంధ్రానికి వెనక, కాస్త పైన, వేలికి తగిలే చిన్న పల్లాన్ని ఈఎన్‌టీ విద్యార్థులు నేటికీ మెకీవెన్ త్రికోణం అంటారు. దాని కిందే మాస్టాయిడ్‌లోని పెద్ద గూడు. పెద్దవాళ్లలో అది సుమారు 15 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, అప్పుడే పుట్టిన బిడ్డలో కేవలం రెండు మిల్లీమీటర్లు. అందుకే పసిబిడ్డల్లో చీము తొందరగా చర్మం కిందికి వచ్చేస్తుంది. ముఖనరం కూడా పైపైనే ఉంటుంది కాబట్టి వాళ్లకు గాటు కాస్త పైగా, వెనక్కి పెట్టాలి.

చీము కిందికి జారి మెడ కండరాల్లో చేరడాన్ని మ్యూనిక్ వైద్యుడు బెజోల్డ్ 1881లో వర్ణించాడు. 1904లో ఇటలీ వైద్యుడు గ్రాడెనీగో మరింత అరుదైనదాన్ని పట్టుకున్నాడు: చెవి కారడం, కంటి వెనక నొప్పి, అదే వైపు కన్ను బయటికి తిరగకపోవడం. మూడూ కలిశాయంటే చెవి లోపలి ఎముక కొనదాకా చీము పాకిందన్నమాట. పిల్లాడికి ఒకటి రెండుగా కనబడుతోందంటే చెవి చూడాలన్న ఆలోచన ఎంతమందికి వస్తుంది?

1932లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో చేరిన పిల్లల్లో 27 శాతం మందివి చీము పట్టిన చెవులే. 1930ల చివర సల్ఫా మందులు, 1940లలో పెనిసిలిన్ వచ్చాక ఆ వార్డులు ఖాళీ అయ్యాయి. తర్వాత టీకాలు తోడయ్యాయి. చెవిపోటుకు ముఖ్య కారకాల్లో ఒకటైన న్యుమోకాకస్‌కు అమెరికాలో 2000లో పిల్లల టీకా వచ్చింది. మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021లో అంతటా సార్వత్రిక టీకాల్లో చేర్చారు.

కానీ యాంటీబయాటిక్ ఒక్కోసారి జబ్బును పోగొట్టకుండా కప్పిపెడుతుంది. రెండు రోజులకే జ్వరం తగ్గిందని మందు ఆపేస్తే, పైకి ఏమీ కనబడకుండానే లోపల ఎముక కరుగుతూ ఉండవచ్చు. మన ఇళ్లలో చెవిపోటనగానే వెల్లుల్లి కాచిన నూనె చుక్కలు వేయడం అలవాటు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె నేరుగా లోపలి గదిలోకే పోతుంది. చెవి కారడం మొదలయ్యాక నొప్పి తగ్గుతుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఏళ్ల తరబడి కారే చెవిలో కొలెస్టియటోమా అనే చర్మపు ఉండ పెరిగి ఎముకను తినేస్తున్నా తెలియదు.

అలాగని ప్రతి చెవిపోటుకూ మందు రాయమనడం కూడా సరికాదు. బ్రిటన్‌లో 1990 నుంచి 2006 వరకు రికార్డులు పరిశీలిస్తే, ఒక్క మాస్టాయిడ్ వాపును ఆపడానికి 4,800 పైచిలుకు చెవిపోట్లకు యాంటీబయాటిక్ ఇవ్వాల్సి వస్తుందని తేలింది. మాస్టాయిడ్ వాపు వచ్చిన పిల్లల్లో అంతకుముందు చెవి ఇన్ఫెక్షన్‌తో డాక్టరుకు చూపించుకున్నది మూడో వంతు మందే. మిగతావాళ్ల విషయంలో డాక్టరుకు మొదట తెలిసింది ఆ వాపే.

కాబట్టి డాక్టరు బిడ్డ వెనక నిలబడి రెండు చెవులనూ పక్కపక్కన పోల్చి చూస్తాడు. వాచినవైపు చెవి వెనక మడత చదునైపోతుంది, వేలు పెడితే బిడ్డ ఉలిక్కిపడుతుంది, చెవి తలకు దూరంగా తోసుకొస్తుంది. కాస్త పెద్ద పిల్లల్లో అది బయటికీ పైకీ జరుగుతుంది, రెండేళ్ల లోపు బిడ్డల్లో బయటికీ కిందికీ.