తాతగారి తుపాకీకి నంబరు లేదండీ

ఈసారి కొబ్బరి ధర గురించి, కాలవ నీళ్ల గురించి కాదు, ఒక పాత తుపాకీ గురించి రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక చేసుకుని చదవండి. మీ ఇంటి అటక మీద కూడా ఇలాంటిది ఉండొచ్చు.

మొన్న వేసవిలో మా పాత మండువా లోగిలి విప్పించాం. అటక మీద గోనెసంచిలో చుట్టి మందు కూరే తుపాకీ ఒకటి దొరికింది. మా తాతగారిది. లంక పొలంలో పందుల్ని, జామతోటలో గబ్బిలాల్ని బెదరగొట్టడానికి ఉంచుకునేవారని మా నాన్న చెప్పేవారు. పక్కన రేకు పెట్టెలో లైసెన్సు పుస్తకం. చివరి రెన్యువల్ ముద్ర 1971. నంబరు రాయాల్సిన చోట అడ్డగీత. తుపాకీ అంతా తిప్పి చూశాం. తయారీదారు పేరు లేదు, నంబరు లేదు.

"ఎందుకొచ్చిన గొడవ అన్నయ్యా, చీకటి పడ్డాక గోదాట్లో పడేద్దాం" అన్నాడు మా తమ్ముడు. నిజం చెబుతున్నాను, నాకూ ఓ క్షణం అదే మంచిదనిపించింది. కానీ పుస్తకంలో ఉన్న తుపాకీ ఏదని రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతాం? ఆ భయంతోనే తెలిసిన వకీలు గారిని అడిగి, పాత సంగతులన్నీ చదవడం మొదలెట్టాను.

మొదటి ప్రశ్న, నంబరు ఎందుకు లేదు? ఆ రోజుల్లో చాలా తుపాకులకి నంబరు ఉండేదే కాదండీ. ఊళ్లో కమ్మరి చేసిన నాటు తుపాకీకి ఎవరు నంబరు వేస్తారు? ఇంగ్లండు నుంచి వచ్చిన వాటికి లండన్లో, బర్మింగ్‌హామ్‌లో గొట్టం పరీక్ష చేసి ముద్ర కొట్టేవారు. అది గొట్టం పేలిపోదని చెప్పే ముద్ర, నంబరు కాదు. ఆ రెండూ ఒకటే అనుకుని పొరపాటు పడకండి. అమెరికాలో కూడా ప్రతి తుపాకీకీ నంబరు తప్పనిసరి చేసింది 1968 చట్టంతోనే.

మన కోనసీమకి తుపాకీ కొత్త కాదు. అల్లవరం దగ్గరి బండమూర్లంకలో ఇంగ్లీషు కంపెనీ వర్తక స్థావరం ఉండేది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబరులో పిఠాపురం అవతల చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లని ఓడించారు. అప్పట్లో జనం దగ్గర తుపాకీ ఉంటే అడిగే చట్టం లేదు.

1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలకి భయం పట్టుకుంది. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు. తెల్లవాళ్లకి మాత్రం మినహాయింపు. కూర్గు వాళ్లకీ మినహాయింపు ఇచ్చారు, అది ఈనాటికీ నడుస్తోంది. ఆ మరుసటి ఏడాదే, 1879లో, మన ఎగువన రంప మన్యం లేచింది. కల్లు పన్ను, మన్సబుదారు ఆగడాలు దానికి కారణాలు. 1887 మద్రాసు కాంగ్రెసులో ఈ చట్టం మీద పెద్ద చర్చే జరిగింది. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, నిబంధనలకి లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు పౌరులకి ఉండాలని రాసుకున్నారు.

ఇక అల్లూరి సీతారామరాజు గారి సంగతి మీకు తెలిసిందే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు. మూడు రోజుల్లో 26 తుపాకులు పట్టుకెళ్లారు. ఏమేం తీసుకెళ్తున్నారో స్టేషన్ పుస్తకంలో రాసి మరీ వెళ్లారని చెబుతారు. యుద్ధం చేసేవాడే లెక్క రాశాడు. మనం అటక మీద పెట్టి మర్చిపోయాం.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. మన కథకి కీలకం దీని 8వ సెక్షన్. తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తు చెరపకూడదు, మార్చకూడదు. గుర్తు లేని తుపాకీ అమ్మకూడదు, ఇంకొకరికి ఇవ్వకూడదు. అసలు దెబ్బ ఇక్కడుంది: గుర్తు లేని తుపాకీ మీ దగ్గర దొరికితే, కాదని మీరు రుజువు చేసేదాకా ఆ గుర్తు మీరే చెరిపేశారని అనుకుంటారు. అప్పటికే అలాంటి తుపాకీ ఉన్నవాళ్లకి ఒక్క ఏడాది వెసులుబాటు ఇచ్చారు. అది 1963తో అయిపోయింది.

అంటే రుజువు మన నెత్తి మీదే. మాకున్న రుజువేమిటి? ఆ అడ్డగీతే! తాతగారి కాలంలోనే నంబరు లేదని సర్కారు పుస్తకమే చెబుతోంది. చెదలు పట్టిందని ఆ పుస్తకం పారేసి ఉంటే మా గతి ఏమయ్యేదో ఆలోచించండి.

లైసెన్సు లేకుండా ఉంచుకుంటే ఇప్పుడు రెండేళ్ల నుంచి అయిదేళ్ల జైలు. 2019 సవరణతో శిక్ష పెరిగింది. ఒక మనిషికి రెండు తుపాకులే అన్నది కూడా అప్పటి నుంచే, వారసత్వంగా వచ్చినవి అందులో కలిపే. చట్టంలో మనకి పనికొచ్చేవీ ఉన్నాయి. పంట కాపాడుకోవడానికి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడగొచ్చని 13వ సెక్షన్ చెబుతుంది. కానీ 1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి, లైసెన్సు ఉన్నంత మాత్రాన అడవిపందిని కాల్చేయకూడదు. బాగుచేసినా పేలనంత పాడైపోయిన పాతకాలపు తుపాకీకి 45వ సెక్షన్లో మినహాయింపు ఉంది. అది పేలుతుందో లేదో తేల్చాల్సింది మాత్రం మనం కాదు. లైసెన్సుదారు చనిపోతే వారసుడు తన పేరున దరఖాస్తు పెట్టుకోవచ్చని 2016 రూల్సులో ఉంది. ఈలోగా ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించాలని 21వ సెక్షన్.

మేమదే చేశాం. ముందు తుపాకీ పట్టుకుని రోడ్డెక్కలేదు. వకీలు గారి చేత అర్జీ రాయించి, పుస్తకం నకలు, మరణ ధ్రువీకరణ పత్రాలు జతచేసి ఇచ్చాం. వాళ్లు చెప్పినట్టే అప్పగించాం. నంబరు లేదు కాబట్టి గొట్టం పొడవు, కర్ర మీది పగులు, ఇత్తడి కట్టు అన్నీ రాసుకుని రసీదు ఇచ్చారు. యాభై ఏళ్లు ఎందుకు ఊరుకున్నారని అడిగారు. జవాబు లేక తల దించుకున్నాను. లైసెన్సు నా పేరున అడగలేదు. నాకెందుకండీ? తుపాకీ తిరిగి రాలేదు, రాదు కూడా. రసీదు మాత్రం పట్టాదారు పాసుపుస్తకంతో పాటు బీరువాలో పెట్టాను. ఆ రాత్రి మా తమ్ముడు హాయిగా నిద్రపోయాడు.

ఆఖరుగా నాలుగు ముక్కలు. అటక మీద పాత తుపాకీ దొరికితే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. ఎప్పుడో మందు కూరి అలాగే వదిలేసి ఉండొచ్చు. మీట నొక్కి చూడకండి. గీరి, రుద్ది నంబరు వెతక్కండి, చెరిపారన్న అనుమానం మీ మీదకే వస్తుంది. కొత్తగా నంబరు కొట్టించడం అసలు చేయకండి. గోదాట్లో పడేయకండి. ముందు కాగితం వెతకండి, తర్వాత వకీలుని కలవండి.

పొలానికి సర్వే నంబరు ఎలాగో, తుపాకీకి ఆ నంబరు అలాగన్నమాట. అది లేనప్పుడు తాతలు దాచిన కాగితమే మనకి దిక్కు. ఈ ఆదివారం ఓసారి మీ రేకు పెట్టెలు దింపి చూసుకోండి.

ఉంటానండీ.